దుమ్ములగొండికి చోటెక్కడ?

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు తల్లిదండ్రులు న్యూయార్క్ వెళ్తే, లిబర్టీ విగ్రహమూ టైమ్స్ స్క్వేరూ చూశాక చాలామంది ఎక్కే మెట్లు మిన్‌స్కాఫ్ థియేటర్‌వి. 2006 నుంచి 'ద లయన్ కింగ్' అక్కడే ఆడుతోంది. ఇంటిల్లిపాదీ కలిసి చూడదగ్గ నాటకమని అందరూ చెబుతారు. ఆ మాట నిజం. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు కూడా అక్కడ ఇబ్బంది పడరు. తొలి పిలుపే జూలూ భాషలో వస్తుంది. హాల్లో దాదాపు ఎవరికీ అర్థం కాదు, అందరికీ ఒళ్లు జలదరిస్తుంది. పట్టు పీలికల సూర్యుడు నేలలోంచి లేస్తాడు. పొడుగు కర్రల మీద నటులు జిరాఫీలై మెడలూపుతూ నడిచొస్తారు. మన కుర్చీల పక్క నడవలోంచే ఏనుగు కదిలొస్తుంది, దాని ఒక్కో కాల్లో ఒక్కో మనిషి ఉంటాడు. కర్రలకి కట్టిన పక్షులు తలల మీదుగా గిరగిర తిరుగుతాయి. మనవడికన్నా ముందు తాతయ్యే చప్పట్లు మొదలుపెడతాడు.

ఈ నాటకం బ్రాడ్‌వేలో 1997 నవంబరులో మొదలైంది. దర్శకురాలు జూలీ టేమర్. మ్యూజికల్ దర్శకత్వానికి టోనీ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆమే. ఆమె తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా పెద్దది మనిషిని దాచకపోవడం. సింహం ముఖం నటుడి నెత్తిమీద ఉంటుంది, కింద నటుడి ముఖం మనకి కనబడుతూనే ఉంటుంది. వయసులో ఉండగా ఆమె ఇండోనేసియాలో ఏళ్లపాటు ఉండి అక్కడి బొమ్మలాటల్నీ ముసుగు నాటకాల్నీ దగ్గరగా చూసింది. దసరాకి పులివేషం వెనక డప్పుల మధ్య నడిచినవాళ్లకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఒంటిమీద రంగు చారలు, ఎదురుగా తెలిసిన మనిషే, అయినా పిల్లలు అమ్మ కొంగు పట్టుకుంటారు. కరువు వచ్చిందని చెప్పడానికి టేమర్ ఒక్క గుడ్డ వాడింది. రంగస్థలం మధ్య నీలం పట్టుగుడ్డ నీటిమడుగై పరుచుకుని ఉంటుంది. అది నెమ్మదిగా కుంచించుకుపోయి ఒక రంధ్రంలోకి మాయమవుతుంది. అంతే, చెరువు ఎండిపోయింది. ఆడసింహాలు ఏడ్చేటప్పుడు కళ్లలోంచి తెల్లటి రిబ్బన్లు లాగుతారు. ఎండిన చెరువుని ఎరిగిన రాయలసీమ రైతుకి ఆ నీలం గుడ్డ ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంత వివరంగా చెబుతున్నది ఆ నాటకం మీద నాకున్న గౌరవం కొద్దీ. ఆ గౌరవంతోనే మనందరినీ ఒక మాట అడగాలనుంది. తండ్రి సింహం కొడుకుని కూర్చోబెట్టుకుని, మనం జింకల్ని తింటాం, పోయాక మట్టిలో కలిసి గడ్డిగా మొలుస్తాం, ఆ గడ్డిని జింకలు తింటాయని చెప్పినప్పుడు హాలంతా తలూపుతుంది. పుట్టిన ప్రతి ప్రాణికీ ఆ జీవన చక్రంలో ఒక చోటుంది, దాన్ని కాపాడటమే రాజధర్మం అన్నది ఆ నాటకం ఇచ్చిన మాట. దానికి మనం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. కొట్టిన చప్పట్లకి మనం కట్టుబడాలి కదా? ఆ చక్రంలోంచి మనం ఎవరెవరిని బయటికి నెట్టి నిలబెట్టామో చూసుకోవద్దా?

ముందుగా మన మనస్సాక్షి మారగలదనడానికి ఒక రుజువు చెబుతాను. ఒకప్పుడు మన ఊళ్లకి సర్కస్ వచ్చేది. జీపుకి మైకు కట్టి వీధి వీధీ తిరిగేవాళ్లు. బోనులోంచి తెచ్చిన సింహం స్టూలెక్కి కూర్చునేది, పులి మండే రింగులోంచి దూకేది, ఎలుగుబంటి సైకిలు తొక్కేది. ఇంటిల్లిపాదీ చూసే వినోదమంటే అదే. డేరా వెనక కొరడా ఉందని, ఆకలి ఉందని పెద్దలకి తెలుసు. తెలిసే టికెట్లు కొన్నారు. సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతి, వీటిని ఆడించకూడదని కేంద్ర ప్రభుత్వం 1998లో ఉత్తర్వు తెచ్చింది. సర్కస్ యజమానులు కోర్టుకెక్కారు. 2001లో సుప్రీంకోర్టు ఉత్తర్వునే సమర్థించింది. అమెరికాలో వందేళ్లకు పైగా నడిచిన రింగ్లింగ్ బ్రదర్స్ సర్కస్ ఏనుగుల్ని మాన్పించింది, 2017లో మూతపడింది, 2023లో జంతువులు లేకుండా తిరిగి మొదలైంది. ఈ రోజు ఏ తల్లీ బిడ్డని తీసుకెళ్లి, కొరడాకి జడిసి స్టూలెక్కే సింహాన్ని చూపించాలనుకోదు. ఒక్క తరంలోనే ఈ మార్పు వచ్చింది. ఒక్క జంతువునీ కొట్టకుండా, కట్టెయ్యకుండా గుడ్డతో, వెదురుతో, మనిషి ఒంటితో అంతకన్నా గొప్ప ఆశ్చర్యాన్ని పుట్టించవచ్చని మిన్‌స్కాఫ్‌లో ప్రతి రాత్రీ నిరూపణ అవుతోంది. అంత మారిన మనం ఇంకొంత మారలేమా?

ఆ నాటకంలో ఒక జాతికి మాత్రం చోటు లేదు. దుమ్ములగొండులు. వాటి నివాసం రాజ్యం పొలిమేర అవతల, ఏనుగుల ఎముకల దిబ్బలో. వాటిని రాజ్యంలోకి రానిస్తే నేల ఎండిపోతుంది. మంచి రాజు తిరిగొచ్చి వాటిని తరిమేస్తే వాన కురుస్తుంది. పిల్లవాడు ఇంటికి తెచ్చుకునే పాఠం అదే: కొన్ని ప్రాణులు పుట్టుకతోనే దొంగలు, వాటిని తరిమితే లోకం బాగుపడుతుంది. నిజం వేరు. హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త 1960లలో టాంజానియాలోని సెరెంగెటి, ఎన్గోరోన్గోరో ప్రాంతాల్లో రాత్రిళ్లు మేలుకుని వీటి వెంట తిరిగాడు. దుమ్ములగొండులు తమ తిండిలో ఎక్కువ భాగం తామే వేటాడి తెచ్చుకుంటాయని, అవి పడగొట్టిన జంతువుని సింహాలే వచ్చి లాక్కోవడం అక్కడ మామూలని ఆయన రాశాడు. వాటి గుంపుకి పెద్ద ఆడదే.

మన దగ్గరా ఉంది దుమ్ములగొండి, చారలది. దక్కన్ గుట్టల్లో, ముళ్లపొదల్లో, బండల సందుల్లో పిల్లల్ని పెట్టుకుంటుంది. చచ్చిన గొడ్డుని తిని, మిగతా జంతువులు వదిలేసిన ఎముకల్ని సైతం నమిలి ఊరి పొలిమేరల్ని శుభ్రం చేస్తుంది. దానికోసం ఎవరూ నాటకం రాయలేదు. అది కనబడితే రాళ్లు పడతాయి. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు కోసం పేల్చిన గుట్టల్ని చూసినవాళ్లు, ఆ బండల సందుల్లో ఉండే ప్రాణులు ఎటు పోయాయని ఎప్పుడైనా అడిగారా? ఆ రాయి మన వంటింటి గట్టు మీదికే వచ్చింది.

రాబందు సంగతి ఇంకా ఘోరం. ఇక్కడ మన పెద్దలు ఆ నాటకం కథకన్నా ఒక అడుగు ముందున్నారని నా నమ్మకం. రామాయణంలో రాముడు స్వయంగా అంత్యక్రియలు చేసినవాడు జటాయువు. శవాలు తినే పక్షి అని ఎవరూ ముక్కు మూసుకోలేదు, తండ్రి స్నేహితుడన్నారు. లేపాక్షిలో ఆయన పడిన చోటు ఇదేనని ఈనాటికీ చూపిస్తారు. అంత చోటిచ్చిన జాతికి మనం ఏం చేశాం? గొడ్డుకి నొప్పి తగ్గాలని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చాం. ఆ గొడ్డు చచ్చాక దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయింది. 1990లలో మొదలై పదిహేనేళ్లు తిరక్కుండానే మన దేశపు మూడు రకాల రాబందులు నూటికి తొంభైఐదుకు మించి తుడిచిపెట్టుకుపోయాయి. కారణం తెలిశాక 2006లో పశువైద్యంలో ఆ మందుని నిషేధించారు. 2023లో అలాంటివే మరో రెండు మందులు, కీటోప్రొఫెన్‌నీ ఎసిక్లోఫెనాక్‌నీ కూడా నిషేధించారు. రాబందులు పోయిన చోట కళేబరాలు కుళ్లాయి, కుక్కలు పెరిగాయి, నీళ్లు చెడ్డాయి. 2000 నుంచి 2005 దాకా దీనివల్ల దేశంలో అదనంగా సుమారు 5 లక్షల మంది మనుషులు చనిపోయి ఉంటారని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో లెక్కగట్టారు. చక్రంలోంచి ఒకర్ని బయటికి నెడితే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా ఏ నాటకమూ చూపించలేదు. తెలంగాణలో, కుమురం భీం జిల్లా అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు ఇంకా గూళ్లు కట్టుకున్నాయని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ఆ గుట్ట పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? నాటకంలోని సింహాల కొండ ప్రైడ్ రాక్ పేరు అందరికీ తెలుసు.

ఇక మనిషి సంగతి. ఆ నాటకంలో, దానికి ముందు 1994లో వచ్చిన సినిమాలో, అడవిలో సింహం నిద్రపోతోందనే ఒక పాట వినబడుతుంది. లోకమంతా ఏదో ఒక రోజు కూనిరాగం తీసిన పాట అది. దాని మూలం సాలమన్ లిండా అనే జూలూ గాయకుడు 1939లో జోహానెస్‌బర్గ్ స్టూడియోలో తన బృందంతో పాడిన 'ఎంబూబే'. ఆయన అదే రికార్డింగ్ కంపెనీలో సరుకు ప్యాకింగ్ పని చేసేవాడు. పాట హక్కులు పది షిల్లింగులకి రాసిచ్చాడు. ఆ పాట సముద్రాలు దాటింది. అమెరికాలో దాన్ని ముందుగా పాడినవాళ్లు, ఇది ఎవరిదో చెప్పలేని ఆఫ్రికా జానపదం అనుకున్నారు. ఆ తర్వాత ఎందరో గాయకులు పాడారు, ఎన్నో కంపెనీలు డబ్బు చేసుకున్నాయి. లిండా 1962లో పేదరికంలోనే పోయాడు. ఆయన సమాధికి రాయి పెట్టించడానికి కుటుంబానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. 2000లో ఒక పాత్రికేయుడు ఈ అన్యాయం బయటపెట్టాడు. 2004లో లిండా కూతుళ్ల తరఫున దావా పడింది, 2006లో రాజీ కుదిరి ఆ కుటుంబానికి వాటా వచ్చింది. అప్పటికి ఆ గొంతు మూగబోయి నలభై ఏళ్లు దాటింది.

ఇది దూరదేశపు కథ అనుకుని పక్కన పెట్టేయకండి. మన సినిమాల్లో, టీవీ పాటల పోటీల్లో, అమెరికాలో మనం జరుపుకునే ఉగాది సంబరాల్లో ఎన్ని పాటల కింద 'జానపదం' అన్న ఒక్క మాట వేసి ఊరుకుంటున్నాం? ఆ పాటని ఎక్కడో ఒక ఊళ్లో ఎవరో ఒక అవ్వ గొంతులో పట్టుకున్నాం. నాటు వేసేటప్పుడో, తిరగలి తిప్పేటప్పుడో ఆమె పాడింది. ఫోనులో రికార్డు చేసుకున్నవాళ్లు ఆమె పేరు రాసుకున్నారా? పాట హిట్టయ్యాక ఆమె ఇంటికి ఏమైనా చేరిందా? పశువుల కాపరుల పాటలు, చెంచుల పాటలు, గొల్లల కథలు, మనం రంగస్థలం మీద జంతువుల గురించి పాడుకునే ప్రతిదీ జంతువులతో బతికినవాళ్ల నోటినుంచి వచ్చిందే. వాళ్లని బయట నిలబెట్టి వాళ్ల పాటకి లోపల కూర్చుని తలూపడం ధర్మం కాదు.

జంతువులతో బతికేవాళ్ల గురించి ఇంకొక మాట చెప్పాలి, ఎందుకంటే ఎయిర్ కండిషన్ హాల్లో కూర్చుని సింహాన్ని ప్రేమించడం సులువు. 1994 తర్వాతి పాతికేళ్లలో ఆఫ్రికా సింహాలు సగానికి సగం తగ్గాయని సంరక్షణ సంస్థల అంచనా. 2019లో ఈ సినిమా, నాటకం తీసిన డిస్నీ సంస్థే ఈ మాట చెప్పి వాటి రక్షణ నిధికి విరాళమిచ్చింది. ఇప్పుడు ఆఫ్రికా మొత్తం మీద సుమారు 20,000 నుంచి 25,000 సింహాలు మిగిలి ఉంటాయి. అవి చావడానికి ఒక ముఖ్య కారణం ఆవు. కాపరి ఆవుని సింహం చంపుతుంది. ఆ కుటుంబానికి ఆస్తి అంతా ఆ ఆవే. మిగిలిన మాంసానికి కాపరి పురుగుమందు పూస్తాడు. తిరిగొచ్చిన సింహం చస్తుంది, దుమ్ములగొండి చస్తుంది, ఆకాశంలోంచి దిగిన రాబందుల గుంపు చస్తుంది. చక్రమంతా ఒక్క కళేబరం చుట్టూ కూలిపోతుంది. మన దగ్గరా అదే జరిగింది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో విషం కలిపిన పశువు మాంసం తిని పులి చనిపోయింది. విషం పూసినవాడు నేరం చేశాడు, శిక్ష పడాల్సిందే. కానీ పశువు పోయిన ఇంటికి నష్టపరిహారం ఎన్నాళ్లకి అందుతోందని మనం అడిగామా? పులి బతకాలని కోరుకునేది దేశమంతా, ఆ కోరికకి ధర కట్టేది అడవి అంచున రెండు పశువులున్న మనిషి. ఇది న్యాయమైన పంపకం కాదు. కెన్యాలో 2007లో మొదలైన లయన్ గార్డియన్స్ సంస్థ మాసాయి తెగ యువకులకే జీతమిచ్చి సింహాల కాపలా పెట్టింది. ఈటెతో సింహాన్ని చంపి మగతనం చాటుకున్న వంశాల కుర్రాళ్లు ఇప్పుడు సింహాలకి పేర్లు పెట్టి, అవి ఎటు తిరుగుతున్నాయో మందల కాపరులకి ముందుగా చెబుతున్నారు. అవసరమైంది ప్రవచనం కాదు, జీతం, గౌరవం.

మన సంపాదనకీ ఈ చక్రానికీ ఉన్న లంకె గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకుందాం. 2025 మార్చి ఆఖరులో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల నేల మీద యంత్రాలు దిగాయి. రాత్రిపూట నెమళ్ల అరుపుల వీడియోలు న్యూజెర్సీ నుంచి డాలస్ దాకా మన ఫోన్లలో తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులు ఆపించింది. మనలో చాలామంది కన్నీళ్లు పెట్టుకున్నారు, ఆ కన్నీళ్లు నిజమైనవే. ఆ వీడియో వచ్చిన వాట్సాప్ గ్రూపులోనే మర్నాడు కొత్త వెంచర్ బ్రోచర్ కూడా వస్తుంది. ఊరి చివర గుట్ట పక్కన, చెరువు ఆనుకుని, ముందుగా బుక్ చేస్తే గజానికి ఇంత తగ్గింపు. ఆ చెరువు శిఖం ఎక్కడిదాకా ఉంది, ఆ గుట్ట ఎవరిది, ఆ పొదల్లో ఏ ప్రాణులున్నాయి అని అడిగే కొనుగోలుదారు ఒక్కడున్నా అమ్మేవాడు జాగ్రత్తపడతాడు. వందమంది అడిగితే లేఅవుట్ మారుతుంది. నీలం గుడ్డ రంధ్రంలోకి జారిపోతుంటే గుండె పట్టుకున్న మనం, నిజం చెరువు ప్లాటు కిందికి జారిపోతుంటే సంతకం పెట్టకూడదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం అక్కర్లేదు. బావమరిది చెప్పాడని, స్నేహితుడి వెంచరని కొనకండి.

పిల్లలతో నాటకం చూసి తిరిగొచ్చేటప్పుడు రైల్లోనో కారులోనో మాట్లాడుకునే ఆ గంట చాలా విలువైనది. నీకు ఎవరు నచ్చారని అడిగితే వాళ్లు సింహం పిల్ల సింబా అంటారు, దాని నేస్తాలు టిమోన్, పుంబా అంటారు. నచ్చనిది ఎవరని కూడా అడగండి. దుమ్ములగొండి అనగానే, అది నిజంగా ఎలా బతుకుతుందో చెప్పండి. ఆఫ్రికా బయట అడవి సింహాలు మిగిలింది మన గుజరాత్‌లోనే అని, 2025 లెక్కలో అవి 891 అని, ఒకప్పుడు కొద్ది పదులకి పడిపోయిన జాతి ఇంతవరకు వచ్చిందని చెప్పండి. జటాయువు కథ చెప్పి, పాలరాపు గుట్టని మ్యాపులో చూపించండి. సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు మాల్‌కి ఒక రోజు తగ్గించి నల్లమలకి తీసుకెళ్లండి. ఊళ్లో గేదెలున్న బంధువుల దగ్గరికి వెళ్తే పశువుల మందుల పెట్టెలో ఏముందో చూడండి. డైక్లోఫెనాక్ ఉంటే, రాబందుకి హాని చెయ్యని మెలాక్సికామ్ ఉందని పశువైద్యుడితో మాట్లాడి మార్పించండి. చిన్న పనే. కానీ పొడుగు ముక్కు రాబందుకి అదే చావుబతుకుల తేడా.

తెలుగు సంఘాలు నడుపుతున్న పెద్దలకి చేతులు జోడించి ఒకటి అడుగుతున్నాను. రెండేళ్లకోసారి మహాసభలు జరుపుతారు, వేలమంది వస్తారు, రంగస్థలానికీ దీపాలకీ కొదవ ఉండదు. ఒక్కసారి మన అడవి మీద పిల్లలతో సంగీత నాటకం వేయించండి. అందులో రాబందు ఉండాలి, దుమ్ములగొండి ఉండాలి, అడవి అంచున పశువు పోగొట్టుకున్న కాపరి ఉండాలి. బొమ్మలు చేయడానికి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల్ని పిలవండి, వీసా ఖర్చు, విమానం టికెట్, తగిన పారితోషికం ఇచ్చి. పాటలు పల్లెల నుంచి తీసుకుంటే పాడినవాళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు తెర మీద పూర్తిగా వేయండి, ఒప్పందం తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. వచ్చిన టికెట్ డబ్బులో ఒక వాటా, అడవి పక్క ఊళ్లలో పశువు పోయిన ఇళ్లకి ప్రభుత్వ పరిహారం వచ్చేలోపు చేతికందేలా ఒక నిధిగా పెట్టండి. దాని లెక్కలు ప్రతి ఏడాదీ సభ్యులకి చదివి వినిపించండి. తర్వాతి మహాసభల కమిటీ మొదటి సమావేశంలోనే ఈ మాట ఎత్తండి, బడ్జెట్ అయిపోయాక ఎత్తి లాభం లేదు.